పక్కన పెట్టిన చప్పుడు

ఆ కాలేజీ లైబ్రరీలో ఆమె అందరికీ చదువక్క. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. ఆయనకైనా నెలకొకసారే గుర్తొచ్చేది. చదువక్క అన్నారు కదా అని పెద్ద చదువులు చదివిందనుకునేరు. తనకోసం చదువుకున్నది కొంచెమే. ఇతరులకు చదివి వినిపించింది మాత్రం బీరువాల కొద్దీ ఉంది. అర్థశాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం, తర్కం, ఏది చేతికిస్తే అది. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను పైకి చదివి టేపుల్లో ఎక్కించడం ఆమె ఉద్యోగం.

ఆ పనికోసం లైబ్రరీ మేడమీద, పాత పత్రికల గది వెనకాల, ఆమెకొక చిన్న గది ఇచ్చారు. గోడలకు దళసరి తివాచీలు కొట్టారు. కిటికీని చెక్కతో మూసేశారు. ఫ్యాను మాత్రం పెట్టలేదు, ఎందుకంటే ఫ్యాను తిరిగితే మైకు దాన్ని కూడా వింటుంది. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చుని సరఫరా-గిరాకీ సూత్రాలు చదువుతుంటే చెమట పుస్తకం మీద పడేది. తలుపు పైన ఒక ఎర్ర దీపం ఉండేది. అది వెలుగుతోందంటే లోపల టేపు తిరుగుతోందని, వరండాలో గట్టిగా మాట్లాడకూడదని అర్థం. పిల్లలు ఎంత పెద్ద గొడవలో ఉన్నా ఆ దీపాన్ని చూస్తే మునివేళ్ళ మీద నడిచేవారు.

ఆ గదికి ఒక్కటే రూలు. వేరే చప్పుడు పడితే టేపును వెనక్కి తిప్పి, ఆ పేరా మొదటినుంచి మళ్ళీ చదవాలి. ఆమెను చేర్చుకున్న పెద్దాయన పెట్టిన రూలు అది. ఆయన రిటైరై వెళ్ళిపోయినా ఆమె దాన్ని వదల్లేదు. ఒక్క తుమ్ము వస్తే పేజీకి పేజీ మళ్ళీ చదివిన రోజులున్నాయి. నా టేపులో చీమ చిటుక్కుమన్నా వినపడదని గర్వంగా చెప్పుకునేది. గర్వపడే విషయమే, కాదనడం లేదు. కానీ మనిషి దేన్ని చూసుకుని మురిసిపోతాడో చివరికి దానికే ఏడవాల్సొస్తుంది. అది తర్వాత చెబుతాను.

ఇంత శ్రద్ధ పెడితే పుస్తకం ఎప్పటికి తెమిలేది? లావుపాటి పుస్తకమైతే ఒక సెమిస్టరు పట్టేది. పరీక్ష ముందొచ్చి టేపు వెనకొచ్చిన సంవత్సరాలూ ఉన్నాయి. ఉన్నది ఒక్క టేపు, అడిగేవాళ్ళు పదిమంది. ఒకడి దగ్గర ఉంటే మిగతా తొమ్మిదిమంది వాడి గది ముందు కాపలా. కొన్నిసార్లు పాత రికార్డరు టేపును నమిలేసేది. అప్పుడు ఆమె పెన్సిలు పెట్టి చక్రం తిప్పుతూ, చిక్కుపడ్డ దారం విప్పుతున్నంత ఓపికగా కూర్చునేది.

అలాంటి లైబ్రరీకి కొత్త యంత్రం వచ్చింది. పుస్తకాన్ని దాని కింద పెడితే పేజీలను ఫొటోలు తీసి అక్షరాలుగా మార్చేస్తుంది. ఆ అక్షరాలను ఇంకొక గొంతు చదివి పెడుతుంది. పొద్దున పుస్తకం ఇస్తే మధ్యాహ్నానికి విద్యార్థి ఫోన్లో ఉంటుంది. మంచిని మంచి అనక తప్పదు. ఏ అధ్యాయం కావాలంటే ఆ అధ్యాయానికి దూకొచ్చు, అర్థంకాని పదాన్ని అక్షరం అక్షరంగా చెప్పించుకోవచ్చు. పిల్లలు దాన్ని రెట్టింపు వేగంలో పెట్టుకుని వింటారు. చదువక్క చెవికది ఉడుతలు పోట్లాడుకుంటున్నట్టుంటుంది గానీ, వాళ్ళు నవ్వాల్సిన చోట సరిగ్గా నవ్వుతారు. పరీక్ష కన్నా ముందే పుస్తకం చేతికొస్తున్నందుకు ఆమె మనస్ఫూర్తిగా సంతోషించింది. సంతోషించి, ఇంటికొచ్చి, కారణం లేకుండా గిన్నెలన్నీ రెండోసారి తోమింది.

ఆమె పని పోలేదు, మారింది. యంత్రానికి బొమ్మలు తెలియవు, పట్టికలు తెలియవు. పేజీ అడుగున ఉన్న చిన్నక్షరాల వివరణను తెచ్చి వాక్యం మధ్యలో ఇరికిస్తుంది. వాటిని సరిచెయ్యడం, పటంలో ఏముందో రెండు ముక్కల్లో రాసిపెట్టడం ఇప్పుడామె వంతు. గదిలో తివాచీలు పీకేశారు. కిటికీ తెరిచారు. ఫ్యాను బిగించారు. ఇన్నేళ్ళకు గాలి వచ్చింది, కాకపోతే ఆ గదిలో పైకి చదవాల్సిన అవసరం తీరిపోయాక వచ్చింది.

ఈ మార్పులన్నీ తెచ్చినవాడు ఆ విభాగానికి ఇన్‌ఛార్జి. అతనికీ చూపు లేదు. ఒకప్పుడు ఇదే కాలేజీలో ఆమె టేపులు విని చదువుకుని, పైచదువులకు వెళ్ళి, తిరిగి ఇక్కడికే ఉద్యోగానికి వచ్చాడు. వచ్చిన మొదటిరోజు ఆమె లేచి నిలబడి "నమస్కారం సార్" అంది.

"అక్కా, ఈ గొంతుతో మీరు నన్ను సార్ అంటే పాఠం చదువుతున్నారేమో అనుకుని నోట్సు రాసుకుంటాను. తమ్ముడూ అనండి," అన్నాడతను.

నలుగురిలో సార్ అనీ, గదిలో తమ్ముడూ అనీ ఒప్పందానికొచ్చారు.

ఒకరోజు ఆ తమ్ముడే వరండాలో ఇనుప బీరువాల దగ్గర నిలబడి, తలుపు మీద వేళ్ళతో దరువు వేస్తూ అన్నాడు.

"ఈ టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిద్దామక్కా. వీటిలో చాలా పుస్తకాలు ఇప్పుడెక్కడా దొరకవు. ఉన్న ఒక్క కాపీ చెదలు తినేసింది, యంత్రం కింద పెడితే పొడి రాలుతుంది. మీరు చదివినదే మిగిలింది. గరగరలూ చప్పుళ్ళూ తీసేసి, అధ్యాయాలుగా విడగొట్టి పెడితే పిల్లలు ఇంటినుంచే వింటారు. మీ గొంతు మీకన్నా ఎవరికి బాగా తెలుసు? చేస్తారా?"

"టేపుల్నేం చేస్తారు?"

"నెలాఖరుకు బీరువాలు ఖాళీ చెయ్యాలి. అక్కడ పిల్లలకు కంప్యూటర్లు పెడుతున్నారు. టేపులు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు."

అడిగిందే తడవుగా ఒప్పుకుంది చదువక్క. ఎంత తొందరగా ఒప్పుకుందంటే, ఆమె పైకి చెప్పని కారణమేదో ఉందని అతనికి అనుమానం కలిగింది. ఉంది కూడా. ఆ టేపుల్లో ఎక్కడో వాళ్ళమ్మ గొంతు ఉంటుందని ఆమె ఆశ.

వాళ్ళమ్మ ఒకసారి స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత రెండేళ్ళు మంచం దిగలేదు. పగలు కనిపెట్టుకుని ఉండటానికి ఇంకెవరూ లేరు. ఉద్యోగం మానేస్తానని చదువక్క వెళ్ళి చెబితే, రూలు పెట్టిన ఆ పెద్దాయనే, "రికార్డరు ఇంటికి తీసుకుపో. ఎక్కడ చదివితే ఏం, టేపులో మాత్రం నీ గొంతు తప్ప ఇంకేం పడకూడదు," అన్నాడు. ఇంట్లో చప్పుడు తక్కువగా ఉండే గది వెనకగది. అమ్మ మంచం కూడా అందులోనే ఉంది. మంచం పక్కన పీట వేసుకుని, రెండేళ్ళపాటు ఆమె అక్కడే పుస్తకాలు చదివింది.

అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా రికార్డరు మీద చిన్న ఎర్ర దీపం వెలిగితే మాట్లాడకూడదని నేర్చుకుంది. మొదట్లో మరిచిపోయి "పాపా" అని పిలిచేది. పెళ్ళయి కాపురం చేస్తున్నా అమ్మకు ఆమె పాపే. పిలవగానే చదువక్క టేపు ఆపి, "అబ్బ, అమ్మా, తిరుగుతోందే," అని విసుక్కుని, అవసరం చూసి, టేపు వెనక్కి తిప్పి పేరా మొదటినుంచి చదివేది. రానురాను అమ్మ పిలవడం తగ్గించింది. ఒకసారి టేపు ఒకవైపు పూర్తయ్యాక మంచినీళ్ళు అడిగి, చెంబెడు గటగటా తాగేసింది. ఇంత దాహమేస్తే చెప్పొద్దా అంటే, "దీపం ఆరనీలే అనుకున్నానే," అంది.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఏడుపు ఎప్పుడో తగ్గిపోయింది. అయితే కొత్త యంత్రం వచ్చి, ఆ గదిలో వేరొక గొంతు చదవడం మొదలుపెట్టిన రోజుల్లో, ఎందుకో అమ్మ "పాపా" అనడం గుర్తు చేసుకోబోయింది చదువక్క. గుర్తు రాలేదు. ఏమనేదో గుర్తుంది, ఎప్పుడనేదో గుర్తుంది. ఆ గొంతు ఎలా ఉండేదో రాలేదు. ఎంత ప్రయత్నించినా అమ్మ మాటలన్నీ తన గొంతుతోనే వినపడుతున్నాయి. మనిషి ఒకసారే పోతుందనుకున్నాం గానీ ఇలా విడతలు విడతలుగా పోతుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

చెల్లెలికి ఫోను చేసింది.

"అమ్మ గొంతు నీ దగ్గరేమైనా ఉందా?"

"గొంతేంటక్కా, పొద్దున్నే?"

"రికార్డు చేసిందేమైనా. పెళ్ళి క్యాసెట్టు లాంటిది."

"మా పెళ్ళి క్యాసెట్టులో అన్నీ పాటలేగా. అమ్మ కనపడుతుంది, ఎవరినో తిడుతున్నట్టు నోరు కదులుతుంది, పైన పాట వస్తుంది." మళ్ళీ చెల్లెలే అంది: "నాకూ సరిగ్గా గుర్తు రావట్లేదక్కా. మా ఆయన మాత్రం నీ గొంతు అచ్చం అమ్మలాగే ఉందంటాడు."

"నాకలా అనిపించదే."

"ఎవరి గొంతు వాళ్ళకేం తెలుస్తుంది," అని ఫోను పెట్టేసింది చెల్లెలు.

కాబట్టి మిగిలింది ఆ టేపులే. ఇంట్లో చదివిన వాటిని వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. గదిలో చదివిన టేపుల్లో గొంతు దూదిలో చుట్టినట్టుంటుంది. ఇంటి టేపుల్లో కొంచెం మోగుతుంది. అన్నిటికన్నా ముందు వాటినే తీసి, హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంది. ఎక్కడో ఒకచోట, ఒక్క పేరాలోనైనా, తను గమనించకుండా వదిలేసిన ఒక్క "పాపా" ఉండకపోతుందా అని.

లేదు. అర్థశాస్త్రం మొదటి భాగం అయిపోయింది, రెండో భాగం అయిపోయింది. లేదు. తన గొంతే, వయసులో ఉన్న గొంతు, బడిపంతులమ్మలాగా ముక్క తప్పకుండా చదువుకుంటూ పోతోంది. మధ్యమధ్యలో చిన్న టక్కుమనే శబ్దం మాత్రం వస్తుంది. టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మొదలుపెట్టిన చోట్లవి. మొదట్లో వాటిని పట్టించుకోలేదు. మూడోరోజో నాలుగోరోజో ఆమెకు తట్టింది, ఆ టక్కులు అమ్మ పిలిచిన చోట్లు. అక్కడ అమ్మ ఉంది, తను చెరిపేసింది. చెరిపి, దానిమీద కొనుగోలు శక్తి గురించి చదివింది. ఆ రోజునుంచి టక్కు విన్నప్పుడల్లా ఆమె టేపు ఆపి ఒక్కక్షణం కళ్ళు మూసుకునేది. పని సాగడం లేదు. నెలాఖరు దగ్గరకొస్తోంది.

ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చుంటే భర్త అడిగాడు. ఆయన లేతు మిషను మీద పనిచేసేవాడు. యంత్రాల హోరుకి సగం చెవుడొచ్చి, ఏది చెప్పినా రెండుసార్లు చెప్పించుకుంటాడు. అంతా రెండుసార్లు విన్నాక అన్నాడు:

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. గుర్తుంచుకోవాల్సిందాన్ని చెరిపేసి, ఎవడికీ అక్కర్లేనిది దాచావు."

"పిల్లలు పాసయ్యారు దానివల్లే."

"అవునులే, పాసయ్యారు." కాసేపు గడ్డం గోక్కుని, గొంతు సన్నం చేసుకుని అన్నాడు: "అబ్బాయ్, చెప్పులు గుమ్మం బయట."

వాళ్ళమ్మ అల్లుణ్ణి రోజూ అనేమాట అది. ఆ సగం చెవుడు మనిషి నోట, ఆ సన్నటి గొంతుతో వినేసరికి చదువక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో తెలియలేదు. ఆయన లేచి వెళ్ళి, వచ్చి, గ్లాసుతో నీళ్ళు పక్కన పెట్టాడు.

మర్నాడు ఆమె ఇన్‌ఛార్జి ముందు కూర్చుని విషయం చెప్పేసింది. పని ఆలస్యమైనందుకు సంజాయిషీగా మొదలుపెట్టి, అమ్మ దాకా వచ్చింది. అతను టేబులు మీద వేళ్ళాడించడం ఆపేశాడు.

"ఇంటి టేపులంటే ఆ అర్థశాస్త్రమూ, రాజ్యాంగ చరిత్రా కదూ?"

"నీకెలా తెలుసు?"

"మాకందరికీ తెలుసక్కా. గదిలో చదివిన టేపుల్లో మీరు పుస్తకం చదువుతారు. వాటిలో మాత్రం ఎవరికో చెబుతున్నట్టుంటుంది. కష్టమైన చోట ఆగి, అదే వాక్యాన్ని మళ్ళీ చదువుతారు, నెమ్మదిగా. హాస్టల్లో ఆ టేపుల కోసం కొట్టుకునేవాళ్ళం. తర్వాత మీరలా చదవడం మానేశారు."

"మళ్ళీ చదివేదాన్నా? చప్పుడు పడితే చదివుంటాను."

"కాదు, అది వేరే. అప్పుడైతే టక్కుమంటుంది. ఇది ఆపకుండానే చదివేవాళ్ళు." అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆ టేపుల్ని శుభ్రం చేశారా?"

"మొదటి భాగం చేశాను. ఆ సాఫ్ట్‌వేరేదో గరగరంతా తీసేసింది. ఇప్పుడసలే శుభ్రంగా ఉంది. ఇంక అందులో అమ్మేం ఉంటుంది?"

"తీసేసిన దాన్ని అది పారెయ్యదక్కా. పొరపాటున పాఠం కూడా పోయిందేమో చూసుకోవడానికి, పక్కన ఇంకో ఫైల్లో పెడుతుంది. మనం ఎప్పుడూ తెరవం గానీ." అతని వేళ్ళు అప్పటికే మీటల మీద ఉన్నాయి. కంప్యూటరు గబగబా ఏదో చదువుతుంటే తలూపుతూ పోయాడు. "విందామా? ఏమీ లేకపోతే లేదు."

ఏమీ లేకపోతే ఇంక వెతకడానికి చోటు కూడా ఉండదని ఆమెకు తెలుసు. అయినా, "పెట్టు," అంది.

మొదట టేపు తిరిగే గరగర. దాని కింద వీధిలో ఒక మోటారు సైకిలు వెళ్ళింది. పక్కింట్లో బకెట్టు చప్పుడు. పేజీ తిప్పిన చప్పుడు. వీటన్నిటి వెనక, గోడ అవతలినుంచి వస్తున్నట్టు, పీలగా తన గొంతు. ఏం చదువుతోందో కష్టమ్మీద తెలుస్తోంది. కొండను తవ్వితే ఎలుక కూడా దొరికేట్టు లేదనుకుంది. అతను శబ్దం పెంచాడు, గరగర తగ్గించాడు. ఉన్నట్టుండి వేలు పైకెత్తాడు.

"అక్కా, ఇదేంటి?"

ఆమెకు వినపడలేదు. అతను వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు.

కొనేవాళ్ళు పెరిగితే ధర పెరుగుతుంది, అని చదివింది టేపులో గొంతు.

"ఊఁ," అంది ఎవరో.

అమ్మేవాళ్ళు పెరిగితే ధర తగ్గుతుంది.

"ఊఁ."

కొంచెం బొంగురుగా, ముక్కులోంచి, చివర కాస్త పైకి లేచి. ఇన్నాళ్ళుగా ఎంత తలుచుకున్నా రాని గొంతు ఒక్క అక్షరంలో మొత్తంగా వచ్చేసింది. చదువక్క బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మ," అంది. "మా అమ్మ. ఊ కొడుతోంది."

కథ చెబుతుంటే ఊ కొట్టాలి కదా. ఎవరైనా ఎదురుగా కూర్చుని ఏదో చెబుతూ ఉంటే ఊ కొట్టకుండా వినడం ఆ మహాతల్లికి చేతకాలేదు. మాట్లాడొద్దంది కూతురు, మాట్లాడలేదు. ఊ కొట్టడం మాట్లాడటం కిందికి రాదనుకుంది కాబోలు. గిరాకీ కథ విన్నది, సరఫరా కథ విన్నది, రెండేళ్ళూ ఊ కొడుతూనే ఉంది. కూతురి చెవి దానికి ఎంతగా అలవాటు పడిందంటే దాన్ని చప్పుడు కింద లెక్కే కట్టలేదు. చీమ చిటుక్కుమన్నా టేపు వెనక్కి తిప్పే మనిషి, దాన్ని ఒక్కసారీ చెరపలేదు.

ఇద్దరూ కదలకుండా విన్నారు. ఒకచోట పుస్తకంలో పొడుగాటి వాక్యం వచ్చింది. మిగతా అంశాలన్నీ స్థిరంగా ఉన్నాయనుకున్నప్పుడు, అని మొదలై ఎక్కడెక్కడో తిరిగి ఆగింది. ఊ రాలేదు. టేపులో గొంతు కూడా ఆగింది. మళ్ళీ అదే వాక్యం, ముక్కలు ముక్కలుగా, నెమ్మదిగా చదివింది. అయినా రాలేదు. మూడోసారి ఇంకా నెమ్మదిగా చదివింది.

"ఊఁ."

అప్పుడు తర్వాతి వాక్యంలోకి వెళ్ళింది.

ఇన్‌ఛార్జి ఫైలును ఆపాడు. అతని ముఖం తమాషాగా అయింది.

"ఆ వాక్యం నాకు పరీక్షలో వచ్చిందక్కా. మీరు మూడుసార్లు చదివారు కాబట్టే రాశాను. మాకోసం చదివారనుకున్నాం." కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "అమ్మగారికి అర్థమయ్యేదాకా మీరు ముందుకు పోయేవాళ్ళు కాదన్నమాట. మీకు తెలుసా ఈ సంగతి?"

"తెలీదు," అంది చదువక్క. నిజంగానే తెలీదు.

"ఈ పక్క ఫైళ్ళన్నీ మీ పేరుమీద ఒకచోట పెట్టిస్తాను. టేపులు పోయినా ఇవి పోవు." అతను లేచి, గోడ తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. "నేను టీ తాగొస్తా. తొందరేం లేదు. ఎవరైనా వస్తే లోపల రికార్డింగు జరుగుతోందని చెబుతాను."

తలుపు మూసుకుంది. చదువక్క లేచి ఫ్యాను ఆపింది. వచ్చి కూర్చుని, హెడ్‌ఫోను సర్దుకుని, ఫైలు మొదటినుంచి పెట్టుకుంది. తన పాత గొంతు మీదికి ధ్యాస పోనివ్వలేదు. అది ఎక్కడో దూరంగా ధరల గురించి చెప్పుకుంటోంది. మధ్యలో అమ్మ ఊ కొడుతోంది, ఆ పాత గొంతుకి. ఇక్కడ కూర్చున్న ఈ మనిషికి కాదు. ఆ వయసులో ఉన్న తనను చూసి ఆమెకు అసూయ కలిగింది. ఎంత దగ్గరగా కూర్చుందో, ఎంత తేలిగ్గా ఊ అనిపించుకుంటోందో, ఒక్కసారైనా తలెత్తి మంచం వైపు చూస్తోందో లేదో.

అలా వింటూ వింటూ, పాత గొంతు ఆగిన ఒక సందులో, తనకు తెలియకుండానే అంది:

"అమ్మా."

"ఊఁ," అంది అమ్మ.

చదువక్క హెడ్‌ఫోనును చెవులకు అదుముకుంది. ఇంకో సందు కోసం చూసింది.

"నొప్పి తగ్గిందా?"

గరగర. పేజీ తిరిగింది.

"ఊఁ."

"ఇంకా చదవనా?"

"ఊఁ."

కళ్ళనీళ్ళు గడ్డం మీదికి వచ్చాయి, తుడుచుకోలేదు. తుడుచుకుంటే చప్పుడవుతుందని కాబోలు, పాత అలవాటు. ఒంగి, మైకు ఉండేచోట నోరు పెట్టినట్టుగా బల్లకు దగ్గరగా జరిగి, ఇన్ని రోజులనుంచి దేనికోసం వెతికిందో అది అడిగింది.

"ఒక్కసారి నన్ను పిలవ్వే అమ్మా."

టేపు గరగరమంటూ తిరుగుతోంది. పక్కింటి బకెట్టులో నీళ్ళు నిండుతున్నాయి. చదువక్క కాచుకుని కూర్చుంది. ఊ రాలేదు.

మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా.